శనివారం మోపులు

ఆదివారం సాయంత్రం

తమ్ముడికి,

అక్క దీవెనలు. మీ బావగారూ నేనూ దేవుడి దయవల్ల బాగానే ఉన్నాం. ఆయన దగ్గు తగ్గింది, విసుగు తగ్గలేదు. అక్కడ నువ్వూ మరదలూ పిల్లలూ అమ్మా కులాసాగా ఉన్నారనే నమ్మకంతో రాస్తున్నాను.

బుధవారం ఫోన్ చేసి "పాత తోట దున్నించకు, కొంచెం ఆగు" అన్నాను. "ఎందుకక్కా?" అన్నావు. "ఊరికే" అన్నాను. "నువ్వు ఫోన్లో మాట్లాడితే చెవి దగ్గర దోమ పాడినట్టుంటుంది, కాస్త గట్టిగా చెప్పు" అని నవ్వావు. అది గట్టిగా చెప్పగలిగే సంగతి కాదురా. పైగా నేను సగం మాట అనగానే నువ్వు "పర్లేదులే అక్కా" అంటావు, నేను మిగతా సగం మింగేస్తాను. కాగితం అలా అడ్డు రాదు. అందుకే ఇన్నాళ్ళకు కలం పట్టాను. ట్రాక్టరాయనకు నెలాఖరని చెప్పావు కదా, ఇంకా పన్నెండు రోజులుంది. ఈ ఉత్తరం చివరిదాకా చదివేవరకు పాత చెరకు మోళ్ళ మీద నాగలి పెట్టనివ్వకు.

పోయిన ఉత్తరంలో నువ్వడిగినవాటికి ముందు జవాబు రాస్తాను. ఎనిమిదో నంబరు చెరకు గాలికి పడిపోతుందా అన్నావు. పడదు. పోయిన వానల్లో పక్క మళ్ళన్నీ చాపల్లా పరుచుకుంటే అది ఒక్కటే నిటారుగా నిలబడింది. దుబ్బుకు ఎన్ని గడలు అన్నావు. ఏడు, ఎనిమిది. అమ్మ నేను వేళకు తింటున్నానా అని రాయించింది. తింటున్నానని చెప్పు. అమ్మ నమ్మదు, అయినా చెప్పు.

"వదినగారు అక్కడ అసలేం చేస్తారు, రోజంతా చెరకు నములుతుంటారా?" అని మరదలు అడిగిందట. నమిలితే ఇరవై రెండేళ్ళకు నాకు ఒక్క పన్ను కూడా మిగిలేది కాదని చెప్పు. ఈ పరిశోధన తోటలో ఎనిమిది రకాల చెరకు పక్కపక్కన పెంచుతాం. ఒక్కో రకానికి మూడు మళ్ళు. మంచి నేలంతా ఒకే రకానికి పోకుండా చీట్లు వేసి మళ్ళు పంచుతారు. అందులో మొదటిది నీ తోటలో ఉన్న పాత రకమే. మేం దాన్ని ముసలమ్మ అంటాం. కొత్తవన్నీ ముసలమ్మతో పోల్చి చూడాల్సిందే. పది నెలలు నిండాక ఒక్కో మడి నుంచి ఐదు గడలు నరికి, కొసలు తీసేసి, మోపు కట్టి, చీటీ తగిలించి రసం గదికి తెస్తారు. అక్కడి నుంచి నా పని. గానుగాయన రసం తీస్తాడు. నేను గుడ్డలో వడగట్టి పొడుగాటి గాజు జాడీలో పోస్తాను. నురగా బుడగలూ పైకి తేలిపోయేదాకా ఓపిక పట్టాలి. తరువాత గాజు కడ్డీని అందులో వదిలితే అది తేలుతూ ఒక గీత దగ్గర ఆగుతుంది. మోకాళ్ళు వంచి, కన్ను ఆ గీతకు సమంగా పెట్టి అంకె చదవాలి. ఆ అంకెను బ్రిక్స్ అంటారు. రసంలో కరిగి ఉన్నదంతా ఎంతో అది చెబుతుంది. అందులో అసలు పంచదార ఎంతో చెప్పడానికి ఇంకో యంత్రం ఉంది. పోయినేడాది అది పాడై ఆరు నెలలు మూలన కూర్చుంది. ఈ ముక్క గుర్తుపెట్టుకో.

పోయినేడు ముసలమ్మ అంకె ఇరవైన్నర. ఎనిమిదో నంబరుది ఇరవై ఒకటి మీద నాలుగు పదో వంతులు. బరువులోనూ ఎకరానికి నాలుగు టన్నులు ఎక్కువ తూగింది. దాని నునుపూ ఎత్తూ చూసి గానుగాయన దానికి పెళ్ళికొడుకని పేరు పెట్టాడు. ఆ రకాన్ని తయారుచేసిన మా చిన్న డాక్టరమ్మకు మొదటిసారి మా అందరి పైఅధికారి పెద్దాయన నోట మెప్పు దక్కింది. ఆ సాయంత్రమే నేను నీకు ఫోన్ చేశాను. "కళ్ళు మూసుకుని ఎనిమిది వేసుకోరా" అన్నాను. నువ్వు ఇంకేమీ అడగలేదు. "మా అక్క చెప్పిందంటే చెప్పిందే" అని వీధంతా చాటావట.

ఈ ఏడు అవే మోళ్ళ నుంచి మళ్ళీ లేచిన తోటను మంగళవారం పరీక్షించాం. ముసలమ్మ ఇరవై మీద ఆరు. పెళ్ళికొడుకు పందొమ్మిదిన్నర. బాగయి వచ్చిన రెండో యంత్రం కూడా అదే తేల్చింది. బరువులో గట్టివాడే. రసంలో ముసలమ్మే గెలిచింది.

డాక్టరమ్మ ఆ అంకెల ముందు చాలాసేపు కూర్చుంది. ముప్ఫై ఏళ్ళ పిల్ల. "నేనెక్కడ తప్పు చేశానో తెలియట్లేదమ్మా. నీళ్ళు ఎక్కువ పెట్టించానా? ఎరువు ఆలస్యమైందా?" అంది. ఏడేళ్ళ పుస్తకాలు ముందేసుకుని ఒక్కో పేజీ తిప్పుతోంది. నేను పక్కన జాడీలు కడుగుతున్నాను. కడిగిన జాడీనే మళ్ళీ కడిగాను.

తప్పు ఆ అమ్మాయిది కాదురా. నాది.

పోయినేడు పరీక్ష శనివారం పడింది. ఎనిమిదో నంబరు మోపులు మూడూ అన్నిటికన్నా ఆఖరున వచ్చాయి. ఇక్కడి నియమం ఒక్కటే. నరికిన రోజే రసం తీయాలి. కానీ ఆ సాయంత్రం ప్రార్థనకు వేళ మించిపోతోంది. ఆరోజు మొదటి పాట నేనే ఎత్తుకోవాలి. మోపుల్ని రేకుల కింద నీడన పెట్టి వెళ్ళిపోయాను. మరునాడు సెలవు. సోమవారం పొద్దున రాగానే గానుగలో పెట్టించాను. గానుగాయన గడను చేత్తో తూచి చూసి, "ఎండిన చెరకు ముసలి మొగుడి ప్రేమ లాంటిదక్కా. రసం తక్కువ, తీపెక్కువ" అన్నాడు. "నోర్మూసుకుని తిప్పు" అని నేనూ నవ్వాను. అతను ఉన్న మాటే చెప్పాడు. నేను సరసమనుకున్నాను.

పుస్తకంలో తేదీ దగ్గర కలం ఆగింది. ఇరవై రెండేళ్ళలో నా చేతిలో ఒక్క మోపూ నిలవ పడలేదు. ఆ పేరు పోతుందనిపించింది. నీడన ఉన్న గడకు ఏమవుతుందిలే, బరువులు తోటలోనే తూశారు కదా అని సర్దిచెప్పుకుని శనివారం తేదీ వేశాను. దేవుడి దగ్గరికని వెళ్ళి వచ్చి, దేవుడు చూస్తుండగా అబద్ధం రాశాను.

మంగళవారం ఆ అంకె చూడగానే గానుగాయన మాట గుర్తొచ్చింది. అనుమానంతో నోరు జారితే ఇంకో తప్పవుతుందని, ముందు నిజం తేల్చుకోవాలనుకున్నాను. గురువారం ఎనిమిదో నంబరు గట్టు వరస నుంచి పది గడలు నరికించి ఐదింటిని అప్పుడే పిండించాను. పందొమ్మిది మీద ఆరు. మిగతా ఐదింటిని అదే రేకుల కింద, అదే మూల పెట్టాను. నిన్న పిండితే ఇరవై ఒకటి మీద మూడు. నీళ్ళు ఆవిరైపోయి అంకె పెరిగింది. రెండో యంత్రంలో పెడితే కరిగినదాంట్లో అసలు పంచదార వంతు పడిపోయింది, నూటికి ఎనభై ఎనిమిది ఉండాల్సింది ఎనభై రెండు. పైకి తీపి, లోపల కుళ్ళు మొదలు. ఆ యంత్రం పోయినేడు పనిచేసి ఉంటే ఆ రోజే పట్టుబడేదాన్ని.

ఇది నీ దాకా ఎందుకంటే, నీది బెల్లం పని. బరువు పెరిగి రసం పలచనైతే కట్టెలు కాలతాయి కానీ గడ్డ కట్టదు. ముసలమ్మను ఒకసారి దున్నేస్తే మళ్ళీ అంత తోట లేవడానికి మూడేళ్ళు పడుతుంది. నేను గొప్పకు పోయి చెప్పిన ఒక్క మాట మీద నువ్వు ఆ పనికి పూనుకున్నావు.

రేపు పొద్దున పెద్దాయన గదికి వెళ్ళి, గురువారం అంకెదీ నిన్నటి అంకెదీ రెండు చీటీలూ బల్ల మీద పెడతాను. ఇంకా బావగారికి కూడా చెప్పలేదు. నీకు ముందు రాశాను, ఇక వెనక్కి తగ్గడానికి లేకుండా. ప్రార్థనలో క్షమించమని అడగడం తేలిక. రేపటి పని తేలిక కాదు. అయినా చేస్తాను.

మంగళవారం పొద్దున

చెప్పాను.

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఏమమ్మా, ఇరవై రెండేళ్ళలో నీ పుస్తకం నేనెప్పుడైనా తిరగేసి చూశానా?" అన్నారు.

"లేదండీ."

"ఎందుకు చూడలేదు?"

నేను తల వంచుకుని జవాబు గొణిగాను. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. "గట్టిగా చెప్పమ్మా, వినపడలేదు" అన్నారు. "నన్ను నమ్మారండీ" అన్నాను, ఈసారి గది బయటికి వినపడేలా.

డాక్టరమ్మ గోడ దగ్గర నిలబడి ఉంది. "వారం నుంచి నాకు నిద్ర లేదు, తెలుసా?" అంది. తెలుసమ్మా అన్నాను. "మీ ముందే కూర్చుని పేజీలు తిప్పాను." అవునమ్మా అన్నాను. కాసేపటికి ఆ అమ్మాయే నా రెండు చీటీలూ చేతిలోకి తీసుకుంది. "గురువారం ఎన్నింటికి నరికించారు?" అంది. పదిన్నరకు అన్నాను. "చీటీ మీద గంట కూడా వేశారే" అంది. క్షమించిందో లేదో నాకు తెలియదు. చీటీలు మాత్రం తన పుస్తకంలో పెట్టుకుంది.

పాత పేజీలో ఎర్ర సిరాతో అసలు తేదీ వేసి, పక్కన సంతకం పెట్టాను. ఈ సీజనంతా అంకెలు నేను చదవకూడదు. తోటలో మోపులు కట్టాలి. న్యాయమే. నిన్ననే మొదలుపెట్టాను. ప్రతి చీటీ మీద రోజుతో పాటు నరికిన గంట కూడా రాస్తున్నాను, ఎవరూ చెప్పకుండానే. గానుగాయన చూసి, "అక్కా, జాతకం కూడా రాయి, పెళ్ళికొడుకు కదా" అన్నాడు. నవ్వొచ్చింది. వారం తరువాత మొదటిసారి.

ఇక నీ సంగతి. ట్రాక్టరు మాన్పించు. ముసలమ్మ మోళ్ళకు నీళ్ళు కట్టు, మళ్ళీ లేస్తాయి. చెరకు తీపని వేళ్ళతో నమలకూడదని అమ్మ అనేది, ఆ వేళ్ళు పీకించబోయింది నేనే. నువ్వు తెప్పించుకుంటున్న ఎనిమిదో నంబరు విత్తనాన్ని పారేయకు. కాలవ పక్కన నాలుగు సాళ్ళు వెయ్యి, దాని పక్కనే ముసలమ్మవి నాలుగు. ఒకే నీరు, ఒకే ఎరువు. పది నెలలకు నేను వస్తాను. నువ్వు నరుకు, నేను వడగడతాను, పొద్దు గుంకేలోగా రెండూ పొయ్యి మీదికి ఎక్కాలి. ఏది గడ్డ కడుతుందో నీ కళ్ళతో చూసి నీ తోటకు నువ్వే నిర్ణయించుకో. నా మాట మీద మాత్రం వద్దు.

వీధిలో ఎవరైనా "మీ అక్క చెప్పిందన్నావుగా" అని దెప్పితే, అక్క తప్పు చెప్పిందని చెప్పు. దాచకు. నన్ను కాపాడాలని నీళ్ళు నమలకు.

ఈ కాగితాలు మటుకు దాచిపెట్టు. బియ్యం డబ్బా అడుగునో, నాన్న పెట్టెలోనో. ఎవరికీ చూపకు. ముఖ్యంగా అమ్మకు చదివి వినిపించకు. నా కూతురు అబద్ధమాడదని ఆవిడ ఇన్నేళ్ళూ చెప్పుకుంది. ఆ మాట ఆవిడ దగ్గర కూర్చుని నా నోటితోనే సరిదిద్దాలి. నేను వచ్చినప్పుడు చెబుతాను. అమ్మకు చెవులు మందగించాయన్నావు కదా, గట్టిగానే చెబుతాను.

ఉత్తరం మొదలుపెట్టింది ఆదివారం, ముగించింది మంగళవారం. అందుకే రెండూ వేశాను.

ఇట్లు,
నిన్ను మోళ్ళ దగ్గర ఆగమన్న
మీ అక్క