డాక్టరు చదివే పిల్లల ముందు

అక్కా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఈ ఉత్తరం నీకు చేరదని తెలుసు. అయినా ఇవాళ జరిగింది నీకు కాక ఎవరికి చెప్పేది?

మదనపల్లె మిషను ఆసుపత్రి నర్సు రూతమ్మ పుంగనూరు వచ్చి, నన్ను బొగ్గుతో నడిచే బస్సులో అక్కడికి తీసుకుపోయింది. మద్రాసులో డాక్టరు చదివే పిల్లలు వచ్చారట. "నీ కాళ్ల గురించి వాళ్లకు నువ్వే చెప్పల్లమ్మా" అంది. చిన్నప్పుడు జ్వరమొచ్చి పడిపోయిన కాళ్ల గురించి డాక్టర్లకు నేను చెప్పేదేముంది? ఊరికే ఎవరైనా పిలుస్తారా? కాళ్లు కోసి నేర్చుకుంటారేమో, లేదంటే మతంలో కలుపుకుంటారేమో. వాళ్లిచ్చిన కాఫీ నేను తాగలేదు. నడుము దాకా కంబళి కప్పుకుని, అంచులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

కుప్పంలో ఆ డాక్టరు గుర్తున్నాడా? నువ్వు నన్ను చంకనేసుకుని పోతే, నా మొహమైనా చూడకుండా "దీనికి నొప్పి ఉండాదా?" అని నిన్నడిగి, నా పావడా పైకి లాగాడు. "దాన్నే అడగప్పా, దానికి నోరుండాది" అని అరిచావు. అయినా నిన్నే అడిగాడు. ఆ తర్వాత కూడా అందరూ నిన్నే అడిగారు.

ఇవాళ ఆ పిల్లల్లో ఒకతను వచ్చి నా ఎదుట నేలమీద కూర్చున్నాడు. మర్యాద నటిస్తున్నాడనుకున్నాను. కంబళి ముట్టుకోలేదు. "అమ్మా, మీ కాళ్లు చూడొచ్చునా?" అన్నాడు.

ఎవరిని అడుగుతున్నాడోనని వెనక్కి తిరిగి చూశాను. నువ్వు నిలబడే చోట గోడ ఉంది.