పై అర దింపించు

బుల్లీ, వడ్రంగి పదకొండింటికి వస్తాడు, ఇంట్లోనే ఉండు. నేను పక్కింటి టీచరమ్మతో బట్టల కొట్టుకు వెళ్తున్నాను, నీ హాలు కిటికీలకు తెరల గుడ్డ తేవాలి. నువ్వు మెచ్చిన బూడిద రంగుదే తెస్తాలే, నన్నడిగితే అది మసిగుడ్డలా ఉంది.

వంటింట్లో పొయ్యి పక్కన బిగించిన అరను జానెడున్నర కిందికి దింపించు. పాత చిల్లులు ఇవాళే పూడ్పించు, రేపు రంగులు వేసే అతను వస్తాడు. ఆదివారం నీ ఆఫీసువాళ్లు భోజనానికి వచ్చేసరికి గోడ ఆరాలి.

వడ్రంగిని ఏమీ అనకు, తప్పు నాది. నిన్న అతను "ఎంతెత్తున పెట్టమంటారు పెద్దమ్మా?" అంటే, నేను గోడకేసి చూపించి "అదిగో, అక్కడ" అన్నాను. పాపం, అక్కడే బిగించాడు. సాయంత్రం డబ్బాలు సర్దబోతే నాకు అందలేదు, నీకూ అందదు. అది మీ తాత చెయ్యి అందే ఎత్తు. కాపురమున్న ప్రతి ఇంట్లోనూ అర అంతెత్తునే వేయించాను. పిలిస్తే వచ్చి, డబ్బా దించి, "ఇందా పొట్టిదానా" అనేవారు.

ఆయన పోయి నాలుగు నెలలైంది. నాకు ఏడుపు కూడా రావడం లేదే. నిన్న స్టూలెక్కి ఆ ఖాళీ అర తుడిచి దిగాను, అంతే.

అన్నం మూతపెట్టి ఉంచాను, చల్లారకముందే తిను.

ఇంకో మాట. ఎందుకు దింపిస్తున్నారని వడ్రంగి అడిగితే, అమ్మమ్మ కొలత తప్పు చెప్పిందను, చాలు.