తిరుత్తణి గాలి పడని తమ్ముడు

తిరుత్తణి

తమ్ముడు శశికుమార్‌ను దీవించి, కోపంగానే అక్క రాసేది.

ఫోన్ చేస్తే "మీటింగులో ఉండానక్కా" అని పెట్టేస్తావు. కాగితానికి ఆ మాట చెప్పలేవు కదా, అందుకే రాస్తున్నాను. మీ చేనేత నమూనాల శాఖను చెన్నై నుంచి మన ఊరికి మారుస్తున్నారని మగ్గాల వీధికంతా తెలిసింది. నీ నోటినుంచి మాత్రం రాలేదు. తిరువళ్లూరు నుంచి చెన్నైకి రైల్లో వేలాడుతూ పోయేవాడివి, ఇటైతే కూర్చుని రావచ్చు. మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే అని వీధిలో అందరికీ చెప్పేశాను.

ఇట్లు,
సుందరవల్లి

తా.క.: ఇక క్యారియర్ కట్టక్కర్లేదని నీ పెళ్లానికి నువ్వే చెప్పు. నేను చెబితే బాగుండదు.

తిరువళ్లూరు

అక్కకు నమస్కారాలు.

వీధిలో చెప్పేముందు నన్నడగాల్సింది. రానివాళ్లను వేరే శాఖలకు చెదరగొట్టి, అక్కడే కొత్తవాళ్లను వేసుకుంటారట. రాకపోతే సీనియారిటీ పోతుంది, వస్తే చెన్నై పోతుంది. ఇదేం న్యాయం? అందుకే మార్పే వద్దని, పొద్దున పదికి తిరుత్తణి చేరడం ఎవరివల్లా కాదని సెక్షనంతా కలిసి అర్జీ పెట్టాం. ఆ ఊరి గాలి పడదు, ఊపిరాడదు అని నేను డాక్టరు సర్టిఫికెట్ కూడా జతచేశాను.

నీ తమ్ముడు,
శశికుమార్

తా.క.: మార్పు ఆగితే గుండు కొట్టించుకుంటానని మొక్కుకున్నాను. మన కొండమీది స్వామికే.

తిరుత్తణి

ఊపిరాడని తమ్ముడికి,

నువ్వు పుట్టిందే ఈ గాలిలో. ఉద్యోగం వచ్చాక పడకుండా పోయిందా? మన ఊరికి రాకుండా చూడమని మన ఊరి స్వామినే అడుగుతావా? ఎదురింటి కాంచన "మీ తమ్ముడు ఎప్పుడొస్తాడక్కా" అని రోజూ అడుగుతోంది. ఆమెకేం చెప్పను? సిగ్గుతో తల ఎత్తుకోలేకపోతున్నాను.

ఇట్లు,
ఆ గాలే పీలుస్తున్న సుందరవల్లి

తా.క.: నువ్వు రావాలని నేను స్వామికి కావడి ఎత్తుతానని మొక్కాను. నేను కొండకిందే ఉన్నదాన్ని. నీ మొక్కు రైలెక్కి రావాలి.

తిరువళ్లూరు

అక్కకు, గెలిచిన తమ్ముడు రాసేది.

మార్పు ఆర్డరు ఆపేశారు. అర్జీలో న్యాయముందని పైవాళ్లు ఒప్పుకున్నారట. కృత్తిక పండగనాడు మొదటి రైలుకు వచ్చి, గుండు కొట్టించుకుని, పదికల్లా చెన్నై ఆఫీసులో ఉంటాను. ఇంటికి రాలేను, బలవంతం చేయవద్దు.

శశికుమార్

తా.క.: సెక్షన్లో అందరూ ఇదే మొక్కు మొక్కారట. కలిసే వస్తున్నాం.

తిరువళ్లూరు

అక్కకు,

ఈసారి నమస్కారం లేదు.

గుండుకు గంధం పూసుకుని ప్రసాదం వరుసలో నిలబడ్డాం. మమ్మల్ని ఎవరూ గుర్తుపట్టరనుకున్నాం. నువ్వు కావడితో వచ్చి, నా చెయ్యి పట్టుకుని, ముందున్న పెద్దమనిషితో ఏమన్నావు? "ఈడు నా తమ్ముడు సార్. ఈళ్లంతా ఈడి ఆఫీసోళ్లే. తెల్లారకముందే రైలెక్కి ఆరుకంతా వచ్చేసినారు, ఏం భక్తో చూడండి."

ఆయన వెనక్కి తిరిగితే, మా డైరెక్టరు. మా గుండ్లను ఒక్కొక్కటే చూశాడు. "ఆరుకే వచ్చేసినారా? పదికి కుదరదని రాసిస్తిరే," అన్నాడు. తర్వాత నావైపు తిరిగి, "ఊపిరి ఆడతా ఉందా?" అన్నాడు.

సోమవారం నుంచి అందరం తిరుత్తణిలోనే. ముక్కూ మొహం తెలియని మనిషితో నీకెందుకక్కా మాటలు? నీ కోరిక తీరకముందే కావడి ఎత్తడమేమిటి?

శశికుమార్

తిరుత్తణి

గుండు తమ్ముడికి అక్క దీవెనలు.

స్వామికి ముందే చెల్లించేస్తే ఇక తప్పించుకోలేడని ఎత్తాను.

ముక్కూ మొహం తెలియని మనిషి ఎవరు? ఆఫీసు ఇక్కడికొస్తుందని ఆయన పోయిన నెలే మా మేడమీది పోర్షన్ అద్దెకు మాట్లాడుకున్నాడు. ఆర్డరు ఆగినా వదులుకోలేదు. మీరంతా వస్తున్నారని నువ్వు రాశాక, కృత్తికకు కొండకు రమ్మని ఆయన్ను పిలిచింది కూడా నేనే.

"నాకు రావడం ఇష్టం లేదక్కా" అని ఒక్క ముక్క రాసి ఉంటే, ఏడ్చి ఊరుకునేదాన్ని. పుట్టిన ఊరి గాలి మీద డాక్టరు చేత రాయించావే, అక్కడ నా కడుపు రగిలింది. సీనియారిటీ ఎక్కడికీ పోలేదు కదా. సోమవారం రా, నీకిష్టమని గుత్తి వంకాయ చేస్తున్నాను.

ఇట్లు,
సుందరవల్లి

తా.క.: డైరెక్టరుకు కూడా మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే. రోజూ నీ పీట ఆయన పక్కనే.