చక్రానికి పూసిన పసుపు

గురువారం, రాత్రి.

పోయిన శుక్రవారం పొద్దున కూడా ఎప్పటిలాగే స్నానం చేసి, గిన్నెలో పసుపు కలిపి, తమ్ముడు సాయిలు పికప్ బండి ముందు చక్రాలకు పూశాను. చక్రం నడుమ ఒక బిళ్ళ ఉంటుంది. బురదలో దాన్ని చేత్తో తిప్పితేనే ముందు చక్రాలు కూడా బండిని లాగుతాయి. దానికి ఇంకాస్త మందంగా పూసి బొట్టు పెట్టాను. సాయిలు చాయ్ తాగుతూ నవ్వాడు.

“అక్కా, బండికి పెండ్లి జేస్తున్నవా ఏంది?”

“నీకు జేసిన, ఇగ దానికి గూడ జేస్తా.”

నిన్న శామీర్‌పేట చెరువు ఒడ్డున చేపల లోడుతో బండి దిగబడింది. బిళ్ళ సగమే తిరిగిందట. అలాగే యాక్సిలరేటర్ తొక్కేసరికి లోపలి పళ్ళు విరిగాయి. మేడ్చల్ మెకానిక్ విప్పి చూపించాడు. బిళ్ళ చుట్టూ ఏళ్ల నాటి పసుపు రాయిలా గట్టిపడి ఉంది.

“గీ బండి సామాన్లు బంద్ అయినయమ్మా. ఇగ దొరకవ్.”

ఇంటికొచ్చి దేవుడి ముందు కూర్చున్నాను.

ఈ సాయంత్రం ఇంట్లో అందరం కూర్చున్నాం. తప్పు నాదేనని చెప్పాను. బండిని తుక్కుకు ఇవ్వాలని, సాయిలు లాల్‌గడి మలక్‌పేట్‌లో కూలికి పోవాలని అనుకున్నారు. రేపు పొద్దున్నే తుక్కువాళ్లు వచ్చి బండిని తీసుకుపోతారు. బండి పోయేముందు దానికి నన్నే పసుపు పూయమన్నాడు సాయిలు.