కాలువలో ఎంత నీరుంది?

అక్కుమ్ రేవు, అరల్ తీరం
1983 అక్టోబరు 14

పెద్దలు పిర్నజర్ అన్నకు,

చెల్లెలు బీబిజాదా సలాములు. మీరూ, ఉల్జాన్ వదినా, పిల్లలూ ఆ బల్హాష్ ఒడ్డున చల్లగా ఉన్నారని తలుస్తాను. నాకు ఒంట్లో జబ్బేమీ లేదు. క్షేమం అని రాయడానికి మాత్రం చెయ్యి రావడం లేదు.

ఇక్కడి కబుర్లు వింటే నవ్వుతారో ఏడుస్తారో. నీరు అంత వెనక్కి పోయింది, సముద్రాన్ని చూడాలంటే ఇప్పుడు లారీ ఎక్కాలి. చేపల డబ్బాల ఫ్యాక్టరీకి చేపలు రైల్లో వస్తున్నాయి, మనం పేరైనా వినని సముద్రాల నుంచి. మొన్న బడిలో కొత్త పంతులు, అరల్ అసలు సముద్రమే కాదని, ఉప్పునీటి సరస్సని పిల్లలకు చెప్పాడట. ముసలి తోలిబాయ్ తాత కర్ర పట్టుకుని బడికే వెళ్లాడు. "సరస్సైతే మా అన్నదమ్ములిద్దర్నీ ఎట్లా మింగిందిరా? అవతలి ఒడ్డు చూశావా నువ్వెప్పుడైనా?" అని నిలదీశాడు. పాపం, పంతులు కుర్చీ వేసి టీ పోశాడు.

మీ మోకాలు ఎలా ఉంది? చలికాలంలో సలుపుతోందని వదిన మా పిన్నికి రాసిందట. అది విన్నప్పటి నుంచి జొన్నరొట్టె గొంతు దిగడం లేదు.

ఏడేళ్ల కిందటి ఆ మధ్యాహ్నం సంగతి మనం ఎన్నడూ మాట్లాడుకోలేదు. పడవ నిండా చేపలతో తిరిగొస్తున్నారు మీరు. గాలి లేచింది. రేవులోకి వచ్చే కాలువలో రోజూ లోతు కొలిచి, రాసి, పడవలకు చెప్పడం అప్పట్లో నా పని కదా. రేడియోలో "చెల్లీ, కాలువలో ఎంతుంది?" అని అడిగారు. మీ పడవకు మీటరూ తొంభై సెంటీమీటర్లు కావాలి. అంత లేదంటే బయటే లంగరు వేసి గాలి తగ్గేదాకా ఆగేవారు. లోపలికొచ్చారు. ఇసుకలో కూరుకుపోయారు. పడవను లాగే ఇనుపతాడు తెగి మీ మోకాలి మీద పడింది.

మన జాలర్ల సంఘం విచారణలో నా రిజిస్టరు తెచ్చారు. అందులో మీటరూ డెబ్భై అని ఉంది. మీరు దాన్ని చేతిలోకి తీసుకుని కాసేపు చూసి, "ఆమె సరిగానే చెప్పింది, నేనే తప్పు విన్నాను" అన్నారు. మీ కెప్టెన్ పని పోయింది. వలలు కూడా ఇక్కడే వదిలేసి ఊరు విడిచారు. మిమ్మల్ని సాగనంపడానికి ఊరంతా వచ్చింది, నేను తప్ప. ఆ రోజు రేడియో గరగరలాడిందని అందరూ అన్నారు. నేనూ అదే అన్నాను. మీకు వీడ్కోలు చెప్పనందుకు క్షమించమని అడగడానికే ఈ ఉత్తరం.

వదినను అడిగానని చెప్పండి.

మీ ముందు తలెత్తలేని చెల్లెలు
బీబిజాదా

తా.క. ఉత్తరం మడిచి కవర్లో పెట్టి, మళ్లీ బయటికి తీశాను. అన్నా, రేడియో శుభ్రంగానే పలికింది. నేను రెండు మీటర్ల పది అన్నాను. మీరు విన్నదీ అదే.

అప్పటికి పదకొండు రోజులుగా నేను కాలువలో పాతిన కొలకర్ర దగ్గరికే వెళ్లలేదు. నీరు వెనక్కి పోయేకొద్దీ నా నడక పెరిగింది. దారిలో వలలు అల్లే ఆడవాళ్లు "బీబిజాదా, నీ సముద్రం పారిపోతోందే, తోక పట్టుకో!" అని నవ్వేవాళ్లు. ఆ నవ్వుకు సిగ్గుపడి గదిలోనే కూర్చుని పాత అంకెలే రాస్తూ వచ్చాను. మీ పడవ దిగబడిందని తెలిశాక పరుగెత్తి కొలిచాను. వచ్చి బ్లేడుతో ఆ పాత అంకె గీకేసి, పక్కనే మీటరూ డెబ్భై అని రాశాను.

కాగితం అక్కడ పలచబడింది. మీరది చూశారు. రిజిస్టరు అధ్యక్షుడికి చూపించేటప్పుడు సరిగ్గా ఆ గీకిన చోట మీ బొటనవేలు పెట్టి పట్టుకున్నారు. ఆయన అంకె చూశాడు గాని గీకుడు చూడలేదు. నేను చూశాను. చూసి కూడా నోరు విప్పలేదు.

ఈ ఉదయం ఇదంతా రాసి, సంతకం చేసి, మన జాలర్ల సంఘం అధ్యక్షుడి చేతికిచ్చాను. ఆయన చదివి, "పడవలే లేవు, రేవే లేదు, ఇప్పుడిదంతా ఎవరి కోసం తల్లీ?" అన్నాడు.

పిర్నజర్ అన్న ఉన్నాడు కదా, అన్నాను.