పదిహేడుసార్లు నొక్కిన బటన్

మంగళవారం

ఈ రోజు వ్యవసాయ ఆఫీసులో గొంతు పోయేలా అరిచాను. చీపురుపల్లి అంతా విన్నట్టే.

వేరుశనగ విత్తనాలకి రైతులు లైన్లో ఉన్నారు. నేను రాసిన పైథాన్ ప్రోగ్రాం డేటాబేస్ మొత్తం వెతికి వాళ్ల జాబితా తీయాలి. దానికి ఎనిమిది నిమిషాలు పడుతుంది. కౌంటర్లో కూర్చునే సింహాచలం బావకి అంత ఓపికెక్కడిది? స్క్రీన్ కదలడం లేదని బటన్ నొక్కుతూనే ఉన్నాడు. నొక్కినప్పుడల్లా పాతది ఆగకుండానే అదే వెతుకులాట ఇంకోటి మొదలైంది. సర్వర్ బిగుసుకుపోయాక చూస్తే ఒకేసారి పదిహేడు నడుస్తున్నాయి. పదిహేడు!

“ఒక్కసారి నొక్కి ఊరుకోలేవా బావా?” అని అందరి ముందూ ఎగిరాను.

“ఒరే, అది ఆడతన్నాదో సచ్చిందో నాకేటి తెలుస్తాది? స్క్రీన్ తెల్లగా ఉన్నాది. నువ్వేటైనా సెప్పావేటి?”

అన్నీ ఆపి, ఒక్కటే నడిపి జాబితా తీశాను. అప్పటికే లైన్లో మొదట నిలబడ్డ ముసలమ్మ ఎండకి ఆగలేక వెళ్లిపోయింది.

‘పని జరుగుతోంది, ఆగండి’ అని స్క్రీన్ మీద ఒక్క ముక్క చూపించాలని నా బుర్రకి తట్టలేదు. సాయంత్రం కూర్చుని అది రాసేశాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

బావకి చెప్పాల్సిన ఒక్క ముక్క మాత్రం ఇంకా నా నోట్లోనే ఉంది.