పెన్సిల్‌తో రాయాల్సిన చీటీలు

చిట్టితల్లీ,

మంగళవారం పొద్దున అన్నీ మామూలుగానే జరిగాయి. ప్రార్థన చేసుకున్నాను. అమ్మ కళ్లజోడు తుడిచి ఇచ్చాను. తమ్ముడు ఒక చెప్పు కనబడక ఇల్లంతా తలకిందులు చేశాడు. అది వాడి కాలికే ఉంది. ఎనిమిదింటికి ల్యాబులో కిటికీ తెరిచి, పన్నెండు చిన్న సీసాలు వరసగా పెట్టుకున్నాను. సీసాకో పన్ను, మా పళ్ల డాక్టరమ్మ పరిశోధన కోసం. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూడాలంటే పంట్లో చుక్క తడి కూడా మిగలకూడదు. అందుకే మొదట పలచటి స్పిరిట్‌లో, తర్వాత చిక్కటి దాంట్లో, చివరికి నిఖార్సైన దాంట్లో నానబెడతాం. ఆరాక పైన బంగారు పూత, కంటికి ఆననంత పలచగా. ఏ పంటిని ఏ మందుతో శుభ్రం చేశారో చీటీ రాసి సీసాలోనే వేస్తాం. చీటీ పెన్సిల్‌తోనే రాయాలి. పెన్ను సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది. ముప్ఫై ఏళ్లుగా కొత్తవాళ్లందరికీ నేను చెప్పే మొదటి మాట అదే.

ఆ రోజు నేనే పెన్నుతో రాశాను.

ఆరు నెలలుగా నా కుడిచెయ్యి వణుకుతోంది. పెన్సిల్ నొక్కి పట్టలేక ఇంట్లో అన్నీ పెన్నుతోనే రాస్తున్నాను. ఆ అలవాటు నాతోపాటు ల్యాబుకీ వచ్చింది. వణుకు సంగతి దేవుడికి చెప్పుకున్నాను, అది చాలనుకున్నాను.

నిన్న చూస్తే పన్నెండు చీటీలూ తెల్లగా ఉన్నాయి. పళ్ల డాక్టరమ్మ మూడు నెలల కష్టం అది. అప్పుడే ఆవిడ తొంగిచూసి, "అక్కా, నా పళ్లెలా ఉన్నాయి?" అంది. "మీకంటే బుద్ధిగా ఉన్నాయండీ" అని నవ్వాను. ఆవిడ వెళ్లాక, గుర్తున్నంతలో ఊహించి కొత్త చీటీలు రాసేశాను. అబద్ధానికి బంగారు పూత పూశాను తల్లీ.

ఇవాళ సాయంత్రం చేతిలోంచి గ్లాసు జారింది. "ఎన్నాళ్ల నుంచే?" అంది అమ్మ. అంతా చెప్పేశాను.

తమ్ముడికి కోపం వచ్చింది. "మా అందరి చేతులూ పట్టుకుని నడిపించావు. నీ చెయ్యి మాత్రం మాకివ్వవా?"

ఉద్యోగం మానేస్తానన్నాను. "ముందు నిజం చెప్పు. మానడం సంగతి తర్వాత" అంది అమ్మ.

అందరం కలిసి తేల్చుకున్నది ఇది. రేపు ఆ పళ్లు మైక్రోస్కోపులోకి వెళ్లకముందే డాక్టరమ్మకి నేనే చెప్పాలి. తమ్ముడు తోడొస్తాడు. అట్నుంచటే నరాల డాక్టరు దగ్గరికి. ఇక నీకూ దాచకూడదు. అందుకే నేను చెబుతుంటే అమ్మ రాస్తోంది. దస్తూరి చూసి ఈపాటికే పట్టేసి ఉంటావు. పెన్సిల్‌తోనే రాయమన్నాను.

కింద సంతకం మాత్రం నాదే, అదీ పెన్సిల్‌తోనే. వంకరగా ఉంది గానీ, స్పిరిట్‌లో వేసినా పోదు.

నీ పెద్దక్క